ఠాణాకిచ్చిన తుపాకి

బస్సు ఉప్పల్ చౌరస్తా దాటి రెండు స్టాపులు కూడా పోలేదు, ఆగిపోయింది. ముందర లారీ టైరు పగిలి రోడ్డుకు అడ్డం నిలబడిందని ఎవరో చెప్పారు. పావుగంట చూసి డ్రైవరు ఇంజను బంద్ చేశాడు. "దిగేటోళ్ళు దిగున్రి, ఇది గిప్పట్ల కదలది," అని సీట్లోనే కాళ్ళు చాపుకున్నాడు. ఆగిన బస్సులో కూర్చోవడం నాకు డెబ్బై రెండేళ్ళుగా చేతకాలేదు, ఇప్పుడేం నేర్చుకుంటాను? దిగాను.

నాతోపాటు ఇంకొకాయన దిగాడు. అరవైకి కొంచెం తక్కువ ఉంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, దువ్విన మీసం, చేతిలో మడతపెట్టిన కాయితం ఉన్న ప్లాస్టిక్ కవరు. నాలుగడుగులు వెనక నడుస్తుంటే ఒకటి కనిపెట్టాను. ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి వాలి ఉంది. నడుస్తూ నడుస్తూ కుడిచేతి బొటనవేలును ఆ భుజం మీదికి పోనిస్తున్నాడు, అక్కడేదో పట్టీని సర్దుతున్నట్టు. పట్టీ లేదు, సంచీ లేదు. వేలు వట్టి చొక్కాను తాకి వెనక్కి వస్తోంది.

"భుజానికి దెబ్బ తగిలిందా తమ్మీ?" అని అడిగాను. ఎదుటివాడి వ్యవహారంలో తలదూర్చే అలవాటు నాకు పాతది.

"దెబ్బ గాదు పెద్దన్నా, తుపాకి," అన్నాడాయన, ఎండ గురించి చెప్పినంత మామూలుగా. "ఇరవై ఏండ్లు మోసిన. అది లేకున్నా భుజం ఒప్పుకుంటలేదు."

"ఎందాక పోతున్నవు?"

"నాచారం ఠాణా దాక."

"నేనూ అటే," అన్నాను. నిజానికి మౌలాలి గుట్ట ఎక్కుదామని బయల్దేరిన మనిషిని. గుట్ట ఎక్కడికీ పోదు.

ఆయన పేరు మొగిలయ్య. ములుగు దగ్గర ఊరు. పంతొమ్మిదేళ్ళప్పుడు వరంగల్‌లో భర్తీ జరుగుతుంటే పరుగు పందెంలో నెగ్గి మిలిటరీలో చేరాడు. పదిహేడేళ్ళు చేసి నాయక్ హోదాలో బయటికొచ్చాడు. అందులో పదకొండేళ్ళు మందుగుండు గోదాముల దగ్గర కావలి. "మా పల్టన్ల ఆఫీసర్లు సైనిక్‌పురిల ఇండ్లు కట్టుకున్నరు. మాసొంటోళ్ళం నాచారం గల్లీలల్ల సొచ్చినం," అని నవ్వాడు. బయటికొచ్చినవాడికి చేతనైన పని కావలి కాయడం. కావలివాడికి సొంత తుపాకి, సొంత లైసెన్సు ఉంటే జీతం వేరు, మర్యాద వేరు. భార్య సారలమ్మ కాళ్ళ కడియాలు తీసిచ్చింది. వాటితో డబుల్ బ్యారెల్ కొన్నాడు. మొదట డబ్బులు తీసుకుపోయే బ్యాంకు బండి వెనక, తర్వాత తొమ్మిదేళ్ళుగా ఉప్పల్‌లో ఒక నగల దుకాణం ముందు.

"తుపాకి దుకాణంల పెట్టిపోయేటోనివా?"

"యాడ? లైసెన్సు నా పేరు మీద ఉన్నది. సేటు ఉంచుకోడు. మెట్రోల ఎక్కనియ్యరు. బస్సుల ఇంటికి తెచ్చుకుంట, మల్ల తెల్లారి తీస్కపోత. బస్సుల మస్తు మర్యాద పెద్దన్నా! ఎంత రష్ ఉన్నా నాకు సీటు దొరికేది. పక్కనోడు లేచి నిలబడేది."

"ఇంట్లో ఎక్కడ పెట్టేవాడివి?"

"బీరువ మీద గోడకు రెండు మేకులు. ఆ మేకుల మీద."

అప్పుడు నాకు నా చదువు గుర్తొచ్చింది. చదివినదాన్ని కడుపులో పెట్టుకుని ఊరుకునే రకం కాదు నేను. ఎక్కడో ఒక దూరదేశంలో బడిలో, బజార్లో, ప్రార్థన చేసుకునే చోట ఎవడో ఒకడు తుపాకి పట్టుకొచ్చి కనిపించిన వాళ్ళనల్లా కాల్చేస్తాడు. మర్నాడు పెద్దలు టీవీలో కూర్చుంటారు. ఫోన్లలో, కంప్యూటర్లలో పిల్లలు ఆడే కాల్పుల ఆటలే ఇంతపని చేశాయని కొందరు, అంగట్లో తుపాకులు అంత సులువుగా దొరకడమే చేసిందని కొందరు. ఈ తగవు మీద పండితులు రాసినవి పత్రికల్లో, లైబ్రరీల్లో దొరికినన్ని చదివాను. ఆట ఆడిన కాసేపు మనిషిలో దుడుకుతనం కొంచెం పెరుగుతుందంటారు కొందరు. దానికీ మనుషుల్ని చంపడానికీ లంకె చూపించలేకపోయామని ఎక్కువమంది అంటారు. జపాన్‌లో, కొరియాలో మనకంటే ఎక్కువ ఆడతారు. అక్కడ ఇలాంటి కాల్పులు ఎప్పుడో గానీ వినబడవు, ఎందుకంటే అక్కడ మామూలు మనిషి ఇంట్లో తుపాకి ఉండడం చాలా అరుదు. ఇదంతా నడుస్తూ మొగిలయ్యకు చెప్పాను. దారి పొడుగునా మందుల కంపెనీల ఘాటు వాసన. షిఫ్టు దిగిన వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి పోతున్నారు.

ఆయన అంతా విన్నాడు. నేను ఆగాక ఒక్కటే అడిగాడు.

"గా పండితులల్ల ఎవలింట్లనన్న తుపాకి ఉన్నదా?"

"ఏమో, రాయలేదు."

"నా ఇంట్ల రెండూ ఉండె పెద్దన్నా. తుపాకీ ఉండె, ఆటా ఉండె."

ఆట బిడ్డది. పేరు మానస, ఇరవై రెండేళ్ళు. నాచారంలోనే మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. షిఫ్టు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, గోడకు ఆనుకుని కూర్చుంటుందట. ఫోన్లో విమానంలోంచి నూరుమంది ఒక దీవి మీద దూకుతారు. తుపాకులు ఏరుకుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాళ్ళు గెలుస్తారు. ఆమె జట్టులో సిద్దిపేట పిల్ల ఒకతి, ఎవరో వైజాగ్ అబ్బాయి ఒకడు, కంపెనీలో తనతో చేసే అమ్మాయి ఇంకొకతి.

"కూసున్నకాడనే ఒర్రుతది. 'ఎనకాల ఉన్నడు, ఏసెయ్ ఏసెయ్' అంటది. వంటింట్ల సారలమ్మ ఉలిక్కిపడి గిన్నె కింద పడేస్తది. నేను మిలిటరీల చేసిన మనిషిని గదా, నాకు మండేది. తుపాకి ఆట వస్తువా? గోదాంల కాడ ఒక్క తూటా లెక్క తప్పితే మూడు దినాలు నిద్ర లేకుండ ఎంక్వైరీ చేసేటోళ్ళు. ఈమె ఒక్క పూటల నలభైమందిని సంపి, లేచి అన్నం తింటది!"

"ఏమనేది నువ్వు తిడితే?"

"'నాన్నా, నీది నిజం తుపాకి, నాది ఫోను. ఎవలను సూసి ఎవలు భయపడాలె?' అనేది. నోరు జాస్తి దానికి. నాదే వచ్చింది."

ఏప్రిల్‌లో ఓపిక అయిపోయింది. టీవీలో ఏదో కాల్పుల వార్త. కింద నడుస్తున్న అక్షరాల్లో ఆట పేరు. మొగిలయ్య లేచి బిడ్డ చేతిలోంచి ఫోను గుంజుకున్నాడు, తూటాలు పెట్టే ఇనుప పెట్టెలో పడేసి తాళం వేశాడు. ఆ పెట్టె అప్పటికి వారం నుంచి ఖాళీగా ఉంది. ఎందుకంటే పార్లమెంటు ఎన్నికలు ప్రకటించారు. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి, ఫలితాలు వచ్చి అంతా సద్దుమణిగాక తెచ్చుకోవాలి. బ్యాంకుల దగ్గర ఉండేవాళ్ళకు మినహాయింపు దొరుకుతుంది, నగల దుకాణంవాళ్ళకు దొరకలేదు. మొగిలయ్య తుపాకి, తూటాలు రెండూ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు.

"మరి దుకాణంలో ఏం చేశావు, తుపాకి లేకుండా?"

"నిలబడ్డ! జగన్మోహన్ సేటు ఏమన్నడో ఎరుకనా? 'తుపాకి లేకపాయె, మీసం ఉన్నది గద, చాలు తీయ్' అన్నడు. లాఠీ ఇచ్చిండు. రెండు నెలలు ఒక్క గిరాకీ సుత అడగలే, నీ తుపాకి ఏదని." ఆయన నవ్వబోయి ఆగాడు. "పరేషాన్ నాకే. చెయ్యికి పని లేనట్టు."

రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గర ఆగాం. రెండు గ్లాసులు చెప్పాను. మొగిలయ్య వాచీ చూసుకున్నాడు.

"ఇయ్యాల మాకు నల్లా వచ్చే దినం. నాలుగు గంటలకు ఇడుస్తరు. ఈ నల్లా కాడనే అయింది పెద్దన్నా, మొత్తం."

మొన్నటి ఎండాకాలం నీళ్ళకు ఈ వైపు జనం ఎంత అల్లాడారో చూసినవాళ్ళకు తెలుసు. మొగిలయ్య గల్లీలో రోజు విడిచి రోజు గంటసేపు నల్లా వచ్చేది. ఎదురింటి కనకరాజు నల్లా పైపుకు తిన్నగా మోటారు బిగించాడు. ఆ మోటారు మొదలైతే మిగతా ఇళ్ళల్లో నల్లాలు గాలి వదిలేవి. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం సారలమ్మ ఖాళీ బిందెల ముందు కూర్చుని ఏడ్చింది. మొగిలయ్య బయటికి పోయి కనకరాజును అడిగాడు. మాట మాట పెరిగింది. కనకరాజు, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు గేటు ముందు వరసగా నిలబడ్డారు. వాళ్ళ పక్కన చిన్న బిందె పట్టుకుని మనవరాలు.

"ఏమన్నాడు కనకరాజు?"

మొగిలయ్య గ్లాసు బండి మీద పెట్టాడు. "'నువ్వేం మిలిటరీ రా, గోదాం కాడ కుర్చేసుకొని కూసున్నోనివి. జిందగీల ఒక్కన్నన్న కాల్చినవా? పో, పొయ్యి నగల దుకాణంల తలుపు తియ్యిపో,' అన్నడు. గల్లీ మొత్తం విన్నది. గల్లీల ఉండే మానస దోస్తులు సుత విన్నరు."

"అబద్ధమేం కాదు గదా," అన్నాను మెల్లగా.

"అదే పెద్దన్నా! అబద్ధమైతే ఊకుందును."

ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయాడు. పరుగు కాదు, మామూలు నడకే. అది బాగా గుర్తుందట. తలుపు దాటి, చెప్పులు కూడా విడవకుండా బీరువా ముందుకు పోయి కుడిచెయ్యి పైకెత్తాడు. చెయ్యి గోడను తాకింది. ఎడమకు జరిపాడు, ఒక మేకు తగిలింది. కుడికి జరిపాడు, ఇంకొక మేకు. మధ్యలో సున్నం గోడ.

మానస జాడించడానికి నీళ్ళు లేక ఉతికే బట్టలు వదిలి లోపలికొచ్చి నిలబడి ఉంది, మోచేతుల దాకా సబ్బు నురుగు. తండ్రి చెయ్యి వైపు చూసింది.

"ఠాణాల ఉన్నది నాన్నా," అంది.

"గట్లనే అన్నది. ఒర్రలే, ఏడ్వలే. ఆటల ఒర్రుతదే, గట్ల గాదు. జర మెల్లగ, నిద్రల ఉన్నోనికి చెప్పినట్టు."

రసం బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. మేం మళ్ళీ నడిచాం.  

"బెదిరిద్దామని పోయి ఉంటావు," అన్నాను.

"సారలమ్మ గదే అన్నది. నేను సుత గదే అనుకుందామని సూసిన. రెండు నెలలు సూసిన." బొటనవేలు మళ్ళీ భుజం మీదికి పోయింది. "కాని చెయ్యి లేపినప్పుడు బెదిరించాలె అని నాకు యాదికి లేదు పెద్దన్నా. ఏం యాదికి లేదు. తుపాకి ఠాణాకిచ్చిన అన్నదే యాదికి లేకపాయె, ఇంకేం ఉంటది? మేకు మీదికెల్లి తీసి, పెట్టె తెరిచి, రెండు తూటాలు ఏసుకునేతందుకు నాకు ఎంతసేపో ఎరుకనా? ఆరు లెక్కపెట్టే లోపల. నేను తీసేవి ఛర్రా తూటాలు. పేలితే గింజలు గింజలైతయి, విచ్చుకుంటయి. ఎవల మీద కోపమో వాళ్ళనే ఏరుకొని తగలయి. కనకరాజు పక్కన ఆ పోరి బిందె పట్టుకొని ఉండె."

"లాఠీ ఉండింది గదా ఇంట్లో?"

"ఉన్నది. తలుపు ఎనకాలనే. చెయ్యి దాని దిక్కు పోలే." కొంచెం ఆగి అన్నాడు, "లాఠీ అయితే ఒకటి ఏసేలోపల గల్లీ జనం పట్టుకుందురు. ఆ ఒక్క దెబ్బ నేనే తిందును సుత."

ఆ సాయంత్రం ఆయన ఇనుప పెట్టె తాళం తీసి బిడ్డ ఫోను బిడ్డకిచ్చాడు.  ఆమె తీసుకుని పక్కన పెట్టుకుంది. ఆ రోజు ఆడలేదు. మర్నాడు ఆడింది, మామూలుగానే ఒర్రింది. సారలమ్మ మామూలుగానే గిన్నె పడేసింది. రెండు రోజుల తర్వాత మొగిలయ్య దుకాణం నుంచి వచ్చేసరికి ఒక మేకుకు మానస టిఫిన్ సంచీ, ఇంకొక మేకుకు కంపెనీ కోటు వేలాడుతున్నాయి.

ఎన్నికలైపోయాయి, ఫలితాలొచ్చాయి. ఠాణా నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది, తుపాకి తీసుకుపొమ్మని. ఆయన పోలేదు. నిన్న జగన్మోహన్ సేటు తేల్చి చెప్పాడు. ఇన్సూరెన్సువాళ్ళు వస్తున్నారు, తుపాకి ఉన్న మనిషి తలుపు దగ్గర కనబడాలి. రేపు పొద్దున తుపాకితో రాకపోతే ఇంకొకాయన వస్తాడు.

"సేటు అంటడు, 'ఇరవై ఏండ్లల్ల ఏం కాలే గదా, ఇప్పుడేమైతది మొగిలన్నా' అని. నిజమే. ఇరవై ఏండ్లల్ల ఏం కాలే."

"సారలమ్మ ఏమంటుంది?"

"'అవి నా కడియాలు. నువ్వు మెడకేసుకుంటవో, మోరీల పారేస్తవో నాకు చెప్పకు,' అన్నది."

"నువ్వేమనుకున్నవు?"

"ఠాణా దాక అయితే పోతున్న," అన్నాడు.

ఠాణా వచ్చేసింది. నన్నెవరూ లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు, వెంట నడిచాను. తుపాకుల పని చూసే హెడ్ కానిస్టేబుల్ పేరు భూషణం. బల్ల మీద టిఫిన్ విప్పుకుంటూ తలెత్తాడు.

"అగో, మిలిటరీ మామ! యాడ సచ్చినవే? అందరియి పోయినయి, నీ ఒక్కదాన్ని పెట్టుకొని కాపురం చేస్తున్న. నీ తుపాకికి కావలి నేనైతిని." లోపలికి పోయి, చీటీ కట్టి ఉన్న తుపాకిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రసీదు ఇయ్యి. ఈడ సంతకం పెట్టు."

మొగిలయ్య రసీదు ఇచ్చాడు. తుపాకిని ముట్టుకోలేదు. చెక్క దగ్గర నూనె మరకను చూస్తూ నిలబడ్డాడు. ఇంటిమనిషిని దవాఖానాలో మంచం మీద చూసినట్టు చూశాడు.

"వాపసు తీస్కోను సారూ. లైసెన్సు సుత ఇచ్చేస్త."

భూషణం చెయ్యి టిఫిన్ మూత మీద ఆగింది. "గట్లెట్ల కుదురుతది మామా? ఎన్నికల కోసం పెట్టిన సామాను ఇది. లైసెన్సు ఒద్దంటే కమిషనర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టాలె. అది తేలేదాక ఇంట్ల పెట్టుకో. లేకుంటే తుపాకుల దుకాణపోనికి అమ్ముకో."

"ఇంట్ల పెట్టుకోను."

"ఒక్క నెల మామా. గోడకు తగిలియ్యి, ఆడనే పడుంటది. ఏమైతది?"

"ఇంట్ల పెట్టుకోను," అన్నాడు మళ్ళీ. గొంతు పెంచలేదు. కాని అడుగు కూడా కదల్చలేదు. పదకొండేళ్ళు గోదాము ముందు అలాగే నిలబడి ఉంటాడు.

భూషణం ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. గొణుక్కుంటూ లోపల ఇన్‌స్పెక్టరు గదిలోకి పోయాడు. చాలాసేపటికి తెల్లకాయితం పట్టుకుని వచ్చాడు. "సార్ ఉంచుమన్నడు. దరఖాస్తు ఇస్తే ఈడికెల్లే పంపుతం. రాయి. ఎందుకు ఒద్దంటున్నవో కారణం రాయాలె."

కలం నా చేతికొచ్చింది. మొగిలయ్యకు రాత వచ్చు, అయినా కాయితం నా వైపు జరిపి నన్ను రాయమన్నాడు. పేరు, తండ్రి పేరు, లైసెన్సు నంబరు రాశాను. కారణం దగ్గర ఆగాను.

"వయసు మీద పడ్డది, కండ్లు సరిగ కనిపిస్తలెవ్వు అని రాయున్రి. అందరు గదే రాస్తరు," అన్నాడు భూషణం.

"కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు మొగిలయ్య.

"అరె, రాతకు మామా!"

"నాకు కోపం ఎక్కువ అని రాయి పెద్దన్నా."

భూషణం గట్టిగా నవ్వాడు. పక్క బల్ల దగ్గర కానిస్టేబులు కూడా తల తిప్పి నవ్వాడు. మొగిలయ్య నవ్వలేదు. భూషణం నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి, చూపు మొగిలయ్య ముఖం మీద నిలిచిపోయింది. బల్ల మీద తుపాకిని చూశాడు, మొగిలయ్య చేతులు చూశాడు. మూత పెట్టి టిఫిన్ పక్కకు జరిపాడు.

"రాయున్రి సారూ," అన్నాడు నాతో. "ఆయన చెప్పినట్టె రాయున్రి."

రాశాను. నా జీవితంలో చాలా కాయితాలు చదివాను, చాలా రాశాను. ఇంత చిన్న వాక్యం రాయడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. మొగిలయ్య దాని కింద సంతకం పెట్టాడు. మిలిటరీవాళ్ళ సంతకం, పేరు కింద నంబరుతో సహా. భూషణం ఇచ్చిన కొత్త రసీదును మడిచి కవర్లో పెట్టుకున్నాడు. తుపాకిని భూషణం లోపలికి తీసుకుపోతుంటే తలుపు మూసుకునేదాకా చూశాడు.

బయట ఎండ అలాగే ఉంది. మెట్ల మీద నిలబడి నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఈ సంగతి నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదనీ, ఆట గురించి, తుపాకి గురించి అంతమంది లెక్కలు కడతారు గాని చెయ్యి లేచినప్పుడు గోడ మీద ఏముందని అడగరనీ చెబుతున్నాను. రేపు సేటు దగ్గర ఏం చేస్తావు, ఇక్కడే ఏదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర అడుగుదామా, నాకు తెలిసినవాళ్ళున్నారని కూడా చెబుతున్నాను. చెప్పు తెగినట్టనిపించి వంగి చూసుకున్నాను. తెగలేదు.

తల ఎత్తేసరికి మొగిలయ్య మెట్లు దిగిపోయాడు. గేటు దగ్గర ఒకసారి వాచీ చూసుకున్నాడు. నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది. ఉప్పల్ వైపు కాకుండా ఎడమకు తిరిగి, కనకరాజు ఇల్లు, తన ఇల్లు ఎదురెదురుగా ఉన్న గల్లీ వైపు నడిచాడు. బొటనవేలు భుజం మీదికి లేచింది, సగంలో ఆగింది, కిందికి దిగింది. "మొగిలయ్యా!" అని పిలిచాను. మోటారు సైకిళ్ళ చప్పుడులో వినబడిందో లేదో, వెనక్కి చూడలేదు. రెండు చేతులూ పక్కకు వేలాడేసుకుని, కొంచెం వేగంగా, నీళ్ళు వచ్చే వేళకు ఇంటికి పోయే మనిషిలాగే పోయాడు.